అప్‌డేట్: లెక్కలు మార్చి సంతకం పెట్టమన్న విషయం

ఆఫీసులో ఖర్చులు పెంచి రాసి సంతకం పెట్టమంటున్నారు, విశ్వాసిగా ఎలా కాదనాలి అని ఇంతకుముందు అడిగాను. జవాబు రాసిన అందరికీ వందనాలు.

మీలో ఒకరు బైబిల్లో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం చదవమన్నారు. నాకు దారి దొరికింది అక్కడే. బబులోనుకు చెరగా వెళ్లిన యూదు యువకుడు దానియేలు, అక్కడి రాజు భోజనంతో తనను అపవిత్రపరచుకోకూడదని ముందే నిశ్చయించుకున్నాడు. అయినా గొడవకు దిగలేదు. తన మీద ఉన్న రాజు అధిపతిని మర్యాదగా వేడుకున్నాడు. పది రోజులు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి చూడమని తనే ఒక మార్గం కూడా చెప్పాడు. ఈ చివరి సంగతి ఇన్నేళ్లుగా చదువుతున్నా నా మనసుకు ఇంతగా పట్టలేదు.

మేనేజర్‌తో విడిగా మాట్లాడాను. "సార్, ఈ అంకెల కింద నేను సంతకం పెట్టలేను. అసలు బిల్లులతో సరైన లెక్క సాయంత్రానికి తయారుచేసి ఇస్తాను" అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. ఫైలు వేరొకరికి వెళ్లింది. ప్రమోషన్ విషయంలో టెన్షన్ ఉంది. కానీ ప్రార్థనలో దేవుని దగ్గర దాచుకోవాల్సింది ఏమీ లేదు, నాకు అదే ఎక్కువ.

ఇప్పుడు నా బాధంతా ఆ ఫైలు తీసుకున్న సహోద్యోగి గురించే. తనూ విశ్వాసే, అప్పుల భయంతో కాదనలేకపోయింది. తనను తప్పుపట్టకుండా తోడుగా ఎలా నిలబడాలో తెలిస్తే చెప్పండి.