తమ్ముడు సైకియాట్రీ వార్డులో ఉన్నాడు, లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పట్లేదు

వరంగల్ అక్క:
మా తమ్ముడికి 26 ఏళ్లు, బైపోలార్ అన్నారు, అంటే మనసు కొన్నాళ్లు విపరీతంగా ఎగసి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బట. పది రోజులు నిద్ర లేదు, అప్పు చేసి రెండు బైకులు కొన్నాడు, ఆపబోతే నాన్న మీద చెయ్యెత్తాడు. ఆదివారం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. డాక్టర్ గారు రౌండ్స్‌కి ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్తారో తెలీదు. ఫోన్ చేస్తే సిస్టర్లు "బాగానే ఉన్నాడమ్మా" అని పెట్టేస్తారు. అమ్మ రోజుకు నాలుగుసార్లు చేస్తుంది, నాన్న వేరే, మా బాబాయి అయితే తెలిసినవాళ్లెవరితోనో చేయిస్తాడు. నిన్న చూస్తే వాడి చేతులు వణుకుతున్నాయి. గట్టిగా అడిగితే ఆ కోపం వాడి మీద చూపిస్తారేమోనని భయంగా ఉంది.

వైజాగ్ సిస్టర్:
సైకియాట్రీ వార్డులో పదకొండేళ్లు చేశానమ్మా, ఉన్నమాట చెప్తాను. ఒక ఇంటి నుంచి ముగ్గురు చేస్తే ముగ్గురికీ "బాగానే ఉన్నాడు" అనే జవాబే వస్తుంది. ఒక్కరే మాట్లాడండి, డ్యూటీ మారే టైమ్‌లో వద్దు. "ఎలా ఉన్నాడు" అనొద్దు. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, అన్నం తిన్నాడా, మాత్రలు మింగాడా లేక ఉమ్మేశాడా అని అడిగితే సిస్టర్ చార్టు చూసే చెప్పాలి. డాక్టర్ గారితో వారానికి రెండుసార్లు, పది నిమిషాలు, ముందే టైమ్ అడిగి పెట్టుకోండి. మాకూ మీ దగ్గర్నుంచి కావాల్సింది ఉంది: ఇదివరకు ఏ మందు పడింది, ఏది పడలేదు, తాగుడు గంజాయి ఏమైనా ఉన్నాయా. పరువు అనుకుని దాచొద్దు, ఒక కాగితం మీద రాసివ్వండి.

వణుకు సంగతి, లిథియం (బైపోలార్‌కి వాడే మందు) ఇస్తున్నారేమో అడగండి. దానితో సన్నటి వణుకు మామూలే, కానీ రక్తంలో లెవెల్ ఎప్పుడు చూశారో కనుక్కోండి. వణుకు పెద్దదైనా, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం కనిపించినా ఆ క్షణమే చెప్పాలి. ఒళ్లు నొప్పులన్నాడని ఐబుప్రొఫెన్ లాంటివి తీసుకెళ్లి ఇవ్వకండి, లిథియం లెవెల్ పెరుగుతుంది.

గుంటూరు రావు:
చేర్చేటప్పుడు నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా, అంటే పేషెంట్ తరఫు మనిషిగా, ఎవరు సంతకం పెట్టారో చూసుకోండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వైద్యం వివరాలు వాళ్లకి చెప్పాలి. బాబాయికి చెప్పకపోతే అది పొగరు కాదండీ, మీ తమ్ముడి గోప్యత. అతన్ని కట్టేసినా, విడిగా పెట్టినా 24 గంటల్లోపు ఆ నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కి తెలియజేయాలి. మా ఆవిడ విషయంలో నాకు ఈ ముక్క తెలియక, పోట్లాడాల్సిన చోట బతిమాలుకున్నాను. ఫిర్యాదు ముందు అక్కడి ఇన్‌ఛార్జి డాక్టర్‌కి ఇవ్వండి, లాభం లేకపోతే ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి.

ఒకప్పటి పేషెంట్:
ఆ మంచం మీద నేనూ పడుకున్నాను. మావాళ్లు వరండాలో డాక్టర్‌తో గుసగుసలాడుతుంటే, ఇక ఇంటికి తీసుకెళ్లరని ఖాయం చేసుకునేవాణ్ణి. ఏం అడగబోతున్నారో ముందు తమ్ముడికి చెప్పండక్కా. వీలైతే అతని ఎదురుగానే అడగండి.

వరంగల్ అక్క:
అందరికీ థాంక్సండీ. సంతకం నాన్నది, అందుకని ఇకమీదట ఆయనే మాట్లాడతారు, ప్రశ్నలు నేను రాసిస్తాను. ఇవ్వాళ చార్టు చూసి చెప్పారు, రాత్రి నాలుగున్నర గంటలు పడుకున్నాడట. లిథియమే, లెవెల్ రేపు చూస్తారు. గంజాయి సంగతి కూడా రాసిచ్చేశాం, అమ్మ ఇంకా నాతో మాట్లాడట్లేదు.