ఇంటర్వ్యూకి ముందు కంపెనీ సంగతి ఎలా తెలుసుకోవాలి?

నమస్తే అండి, మాది గాజువాక. పరవాడ ఫార్మా సిటీలో ఓ మందుల కంపెనీ మా తమ్ముణ్ణి సోమవారం ఇంటర్వ్యూకి రమ్మంది. క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం. వాళ్ల వెబ్‌సైట్‌లో మొక్కలు నాటుతున్న ఫొటోలు తప్ప పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో పేరు కొడితే రిజిస్టరైన తేదీ, డైరెక్టర్ల పేర్లు వచ్చాయి. పీఎఫ్ చూసే ఈపీఎఫ్ఓ సైట్‌లో కంపెనీ పేరుతో వెతికితే నెలనెలా ఎంతమందికి పీఎఫ్ కడుతున్నారో కూడా కనబడింది. చిక్కు అక్కడే. ఆ సంఖ్య కొన్నాళ్లుగా తగ్గుతూ వస్తోంది. జనం మానేస్తున్నారా, లేక కాంట్రాక్టర్ల కిందికి మారుస్తున్నారా? అలా మారిస్తే పీఎఫ్ కాంట్రాక్టర్ పేరున ఉన్న కోడ్ నంబర్‌లోకి వెళ్తుంది కదా, దాన్ని ఎలా పోల్చుకోవాలి?

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బయటపెట్టే హెచ్చరిక లేఖల్లో ఈ పేరు లేదు. అంతమాత్రాన అంతా సవ్యంగా ఉన్నట్టేనా, అసలు తనిఖీకే రాలేదనుకోవాలా?

ఇంకోటి, ప్లాంట్‌లో సేఫ్టీ గురించి అడిగితే ఉద్యోగం పోతుందేమోనని మావాడికి టెన్షన్. అడగాల్సిందేనని నా పట్టు. రియాక్టర్లు, సాల్వెంట్ల మధ్య నైట్ షిఫ్టులు చేసేది వాడే మరి! పరవాడలో పనిచేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా అడిగితే బాగుంటుందో కాస్త చెప్పండి.