అప్‌డేట్: రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లివచ్చాము, బస, ప్రయాణ వివరాలు

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారితో, ఇద్దరు పిల్లలతో విజయవాడ నుంచి రామోజీ ఫిల్మ్ సిటీకి తక్కువ ఖర్చులో వెళ్లాలంటే ఎక్కడ దిగాలి, కారు మాట్లాడుకోవాలా అని ఇదివరకు అడిగాను. హైదరాబాద్‌లోని ఎల్బీ నగర్‌లో గది తీసుకొమ్మని సలహా ఇచ్చిన వారందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

విజయవాడ బస్సులు 65వ నంబరు జాతీయ రహదారి మీద ఫిల్మ్ సిటీని దాటుకునే ఎల్బీ నగర్ చేరతాయి కాబట్టి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా పోయి సామానుతో మళ్లీ వెనక్కి రావలసిన శ్రమ మాకు పూర్తిగా తప్పింది. మరునాడు ఉదయం లాడ్జిలోనే పెట్టెలు ఉంచి, సిటీ బస్సులో హయత్‌నగర్ మీదుగా వెళ్లాము. కారు మాట్లాడుకోకపోవడమే మంచిదైంది. 1,600 ఎకరాలకు పైబడిన ఆ ప్రాంగణంలో సందర్శకులను ఫిల్మ్ సిటీ బస్సులలోనే తిప్పుతారు, ఆ ఖర్చు ప్రవేశ టికెట్‌లోనే కలిసి ఉంటుంది. బయట రోజంతా నిలిపి ఉంచిన కారుకు మాత్రం బాడుగ పెరుగుతూనే ఉంటుంది. అయితే బస్సు మెట్లు ఎక్కి దిగడం అమ్మకు కష్టమైంది కనుక, పెద్దవారు ఉన్నవారు ముందు వరుస సీట్లు అడిగి కూర్చోవడం మంచిది.

లాడ్జి విషయంలో ఒక్క మాట: ఫోనులో చెప్పని అదనపు పరుపు రుసుమును మా దగ్గర గదిలోకి దిగాక అడిగారు. దానితోపాటు చెక్ అవుట్ 24 గంటల పద్ధతా, మధ్యాహ్నం 12 గంటలకా అన్నది కూడా ముందే అడిగి తెలుసుకోండి. సాయంత్రం తిరుగు బస్సు ఎక్కేవారికి ఆ తేడా ఒక పూట అద్దెతో సమానం.