దేవునికి అప్పగించిన కోరిక మళ్లీ తలెత్తినప్పుడు ఏమి చేయాలి?

గల్ఫ్‌లో నర్సు ఉద్యోగానికి వెళ్లాలన్న నా కోరికను, మంచం పట్టిన మా అత్తగారి బాధ్యత దృష్ట్యా, దేవుని చిత్తానికి విడిచిపెట్టాలని కొన్ని నెలలుగా ప్రయత్నిస్తున్నాను. తెల్లవారుజామున 5 గంటల ప్రార్థనలో "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అని మనస్ఫూర్తిగానే చెప్పగలుగుతున్నాను. అయితే మధ్యాహ్నం ఆసుపత్రిలో ఎవరైనా వీసా మాట ఎత్తగానే అదే ఆశ, దానితోపాటు దేవుని మీద సణుగుడు మళ్లీ మొదలవుతున్నాయి.

శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను, మనల్ని మనం దేవునికి సజీవయాగంగా సమర్పించుకోమని చెప్పే బైబిలు వచనాలు రోమా 12:1-2 కంఠస్థం చేశాను, ఉద్యోగ ప్రకటనలు చూడడం మానేశాను. నిజంగా అప్పగించుకుంటే మనసుకు సమాధానం, అంటే శాంతి, దానంతట అదే వస్తుందని మా సంఘ కాపరి చెప్పారు. ఆ మాటతో నాకు తృప్తి కలగలేదు. ఎందుకంటే సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు తీవ్రమైన వేదనలో ఉండి, మత్తయి 26:44 ప్రకారం, "నీ చిత్తమే" అన్న ఆ మాటలే చెప్పుచు మూడవమారు కూడా ప్రార్థించాడు. పాపమెరుగని ఆయనకే అది ఒక్క ప్రార్థనతో ముగియలేదు కదా.

తమ ఇష్టాన్ని ఇలా అప్పగించి నిలిచినవారిని అడుగుతున్నాను: విడిచిపెట్టిన కోరిక పని మధ్యలో మళ్లీ లేచినప్పుడు, ఆ క్షణంలో మీరు ఏమి చేసేవారు?