ఐస్‌లాండ్ బ్లూ లగూన్‌కు అమ్మానాన్నలను తీసుకువెళ్లవచ్చా?

ప్రశ్న (విజయవాడ, సత్యనారాయణపురం)

నమస్కారం. న్యూజెర్సీలో అన్నయ్య దగ్గర ఉన్న అమ్మానాన్నలను తిరిగి బెజవాడ తీసుకువచ్చే దారిలో ఐస్‌లాండ్‌లో ఒక పగలు ఆగి, బ్లూ లగూన్ వేడినీటి కొలనులో వారిని దించాలని నా కోరిక. అమ్మకు మధుమేహం, నాన్నగారికి రక్తపోటు ఉన్నాయి. ఇద్దరికీ ఈత రాదు. పుష్కరాలకు దుర్గా ఘాట్‌లో చీరతోనే మునిగే అమ్మ, అక్కడ అందరి మధ్య బట్టలు లేకుండా ఒళ్లు కడుక్కోవాలని విన్నప్పటి నుంచి రానంటున్నారు. వెళ్లి వచ్చినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1 (గుంటూరు, బ్రాడీపేట)

ముందుగా వీసా చూసుకోండి. అమెరికా వీసా ఉన్నంత మాత్రాన కెఫ్లావిక్ విమానాశ్రయం దాటి బయటికి రానివ్వరు. మన పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా (ఐస్‌లాండ్‌తో సహా పలు ఐరోపా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చేది) తప్పనిసరి. కొలను విమానాశ్రయానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కనుక ఒక పగలు సరిపోతుంది. టికెట్టు మాత్రం సమయంతో సహా ముందే తీసుకోవాలి. పక్కనే ఉన్న గ్రిండవిక్ ఊరిని 2023 నవంబరులో ఖాళీ చేయించారు. ఆ డిసెంబరు నుంచి అక్కడ పలుమార్లు లావా వెలువడింది, 2024 నవంబరులో కొలను కార్ల నిలుపు స్థలాన్నే కప్పేసింది. అందువల్ల బయలుదేరే ముందు ఐస్‌లాండ్ వాతావరణ శాఖ ప్రకటన చూడండి.

జవాబు 2 (గుంటూరు, అరండల్‌పేట)

మా అత్తగారితో వెళ్లి వచ్చాను కనుక మీ అమ్మగారి సంకోచం నాకు అర్థమవుతోంది. కొలనులో దిగే ముందు సబ్బుతో, బట్టలు లేకుండా స్నానం చేయడం ఆ దేశమంతటా పాటించే శుభ్రత నియమమే. అయితే ఇక్కడ ఆడవారికి వేరే గదులు, వాటిలో తలుపున్న స్నానపు అరలు ఉన్నాయి. కాస్త వేచి ఉంటే అర దొరుకుతుంది, ఎవరి కంటా పడనవసరం లేదు. చీరతో దిగనివ్వరు గానీ, చేతులూ కాళ్లూ కప్పే ఈత దుస్తులు వేసుకోవచ్చు. వాటిని ముందే కొని, ఇంట్లో ఒకసారి వేసుకుని చూడమనండి. సగం బెరుకు అక్కడే పోతుంది.

నగల విషయంలో జాగ్రత్త అవసరం. ఆ నీటిలోని ఖనిజాలు లోహాన్ని పాడుచేస్తాయి, గంధకం వల్ల వెండి నల్లబడుతుంది. కాబట్టి మెట్టెలు, పట్టీలు, గాజులు తీసేయాలి. మా అత్తగారు మంగళసూత్రాలు తీసి లాకరులో పెట్టి, అంతసేపూ పసుపుతాడు కట్టుకున్నారు. ఆ ఏర్పాటు లేకపోతే ఆవిడ దిగేవారే కారు. జుట్టుకు కండిషనర్ బాగా పట్టించి ముడి వేయాలి. ఆ నీటిలోని సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) పట్టిన జుట్టు కొబ్బరిపీచులా బిరుసెక్కుతుంది, ఎన్నిసార్లు కడిగినా త్వరగా వదలదు.

ఈత గురించి దిగులు వద్దు, లోతైన చోట కూడా సుమారు 1.4 మీటర్లే. ఆరోగ్యం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నీరు 37 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటుంది. రక్తపోటు మాత్రలు వేసుకునేవారికి వేడిలో రక్తనాళాలు వ్యాకోచించి, పైకి లేవగానే కళ్లు తిరగవచ్చు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి వేడి తెలియదు. పాదాల మీద పుండు ఉంటే అసలు దించవద్దు. మీ వైద్యుణ్ణి అడిగి, దిగినా కొద్దిసేపటికే ఒడ్డుకు తెచ్చి మంచినీళ్లు తాగించండి.

జవాబు 3 (ఇబ్రహీంపట్నం)

థర్మల్ కేంద్రంలో పనిచేసి విరమించినవాడిని కనుక ఒక్క మాట. చాలామంది అనుకున్నట్లు ఇది సహజమైన గుండం కాదు. 1976లో మొదలైన స్వార్త్‌సెంగి భూతాప విద్యుత్ కేంద్రం, భూమి లోతుల నుంచి తోడిన ఉప్పునీటి వేడిని వాడుకున్నాక, ఆ నీటిని పక్కనున్న లావా రాళ్ల మీదికి వదిలింది. అది ఇంకిపోతుందనుకున్నారు, నీరు చల్లబడే కొద్దీ పేరుకున్న సిలికా రాళ్ల సందులను పూడ్చడంతో అక్కడే నిలిచి కొలనైంది. ఆ సిలికా రేణువుల మీద వెలుతురు చెదరడం వల్లనే పాలు కలిపినట్టుండే నీలిరంగు. 1981లో సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్న ఒకాయన దిగి ఉపశమనం కలిగిందన్నాకే జనం రావడం మొదలైంది. దిగినా దిగకపోయినా, ఒడ్డున నిలబడి ఆ కేంద్రాన్ని చూడమని మీ నాన్నగారికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పసుపుతాడు మాట చెప్పగానే అమ్మ మెత్తబడ్డారు. ముందుగా పాదాల పరీక్ష చేయించి, షెంగెన్ వీసా వచ్చాకే టికెట్లు తీసుకుంటాము.