ట్రావెల్ ట్రైలర్ లాగుతూ హైవే మీద ఆగిపోతే రోడ్‌సైడ్ వాళ్ళతో ఎలా మాట్లాడాలి?

నెల్లూరు_ప్లేనో:

అందరికీ నమస్కారం. మాది ఎఫ్-150 పికప్ ట్రక్కు, దాని వెనక 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (లాక్కెళ్ళే చక్రాల ఇల్లు), పక్కకి రెండేసి చక్రాలు. వేసవిలో మా అత్తగారు, మామగారు ఇండియా నుంచి వస్తే వాళ్ళనీ పిల్లల్నీ తీసుకుని పాలో డ్యూరో కేన్యన్‌కి బయల్దేరాం. 287 హైవే మీద చిల్డ్రెస్ దాటాక ట్రైలర్ కుడివైపు వెనక టైరు పేలింది. ఊడిన రబ్బరు పట్టీ గిరగిరా కొట్టుకుని ఫెండర్ చీల్చేసింది, బ్రేకు వైరు కూడా తెంపేసింది. షోల్డర్ (రోడ్డు అంచు) మీదికి తీసి ఆపాను.

కారు ఇన్సూరెన్సుతో వచ్చే రోడ్‌సైడ్ సర్వీసుకి (బండి ఆగిపోతే సాయానికి మనిషిని పంపేవాళ్ళు) ఫోన్ చేస్తే ఆవిడ మొదటి ప్రశ్నే "మీ ట్రక్కుకి ఏమైంది?" అని. ట్రక్కు బాగానే ఉందమ్మా, ట్రైలర్ టైరు పోయిందన్నాను. ట్రైలర్ మీ పాలసీలో లేదు, ట్రక్కుకి ఏదైనా అయితేనే మనిషిని పంపిస్తాం అన్నారు. పైవాళ్ళతో మాట్లాడినా అదే మాట. ఎండ మండిపోతోంది. లారీ వెళ్ళిన ప్రతిసారీ ట్రైలర్ మొత్తం ఊగుతోంది, అత్తగారు పిల్లల చేతులు వదల్లేదు. మామగారికి షుగరు, ఇన్సులిన్ ట్రైలర్ ఫ్రిజ్‌లో ఉంది. చివరికి టెక్సస్ లైసెన్సు వెనక అచ్చేసి ఉండే రోడ్‌సైడ్ నంబరుకి ఫోన్ చేశాం. ట్రూపర్ (రాష్ట్ర హైవే పోలీసు) ఒకాయన వచ్చి వెనక లైట్లు వేసుకుని నిలబడ్డాడు. ఊళ్ళోంచి టైర్ల మెకానిక్ వచ్చి స్టెప్నీ వేసి డబ్బు తీసుకున్నాడు. ఇద్దరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాను.

అక్టోబరులో అమరిల్లో మీదుగా ఐ-40 హైవే పట్టుకుని గ్రాండ్ కేన్యన్ వెళ్దామనుకుంటున్నాం. ఈసారి ఏ ప్లాన్ తీసుకోమంటారు? ట్రక్కే ఆగిపోతే ట్రైలర్‌ని ఎవరు లాగుతారు? మేం ఆరుగురం ఎందులో కూర్చుంటాం? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆల్బకర్కీ_గోదావరి:

బాబూ, మీకు జరిగింది చాలామందికి జరుగుతుంది. మనం ట్రక్కు, ట్రైలర్ కలిపి ఒకే బండి అనుకుంటాం. వాళ్ళ లెక్కలో అవి రెండు వాహనాలు, రెండు ప్లేట్లు, రెండు విన్ (బండి గుర్తింపు) నంబర్లు. లాగేటప్పుడు ట్రైలర్ ఎవరికైనా తగిలితే లయబిలిటీ మామూలుగా ట్రక్కు పాలసీలోంచి వస్తుంది. అది చూసుకుని రోడ్‌సైడ్ కూడా వస్తుందని నమ్ముతాం. రాదు. ట్రైలర్‌కి విడిగా పాలసీ ఉండి, అందులో రోడ్‌సైడ్ చేర్చి ఉండాలి, లేదా ఆర్‌వీల (ఇలా ఇల్లులా వాడుకునే బండ్ల) కోసమే ఉన్న ప్లాన్ కొనుక్కోవాలి.

ఏఏఏ (వాహనదారుల క్లబ్బుల సంస్థ) మెంబర్‌షిప్ మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది, ఎవరి కార్లో ఉన్నా పనిచేస్తుంది. అందుకే చాలామంది అది ఉందిగా అని ధీమాగా ఉంటారు. కానీ మామూలు మెంబర్‌షిప్‌లో ట్రావెల్ ట్రైలర్ ఉండదు. దాని పై స్థాయిలైన ప్లస్ మీదో ప్రీమియర్ మీదో ఆర్‌వీ కవరేజీ అదనంగా కట్టాలి, అదీ క్లబ్బు క్లబ్బుకీ తేడా. టో చేసే (లాక్కెళ్ళే) దూరానికీ హద్దు ఉంటుంది, ప్లస్‌లో 100 మైళ్ళు మామూలు. మీరు వెళ్ళే దారిలో ఆ 100 మైళ్ళనే పట్టి చూడాలి. శాంటా రోసా నుంచి ఆల్బకర్కీకే దాదాపు 115 మైళ్ళు, మొరియార్టీ వచ్చేదాకా మధ్యలో క్లైన్స్ కార్నర్స్ తప్ప చెప్పుకోదగ్గ మజిలీ లేదు. క్లైన్స్ కార్నర్స్ దగ్గర ఎత్తు 7,000 అడుగులు దాటుతుంది, అక్టోబరు రాత్రి ఆగిపోతే చలి గట్టిగానే ఉంటుంది. గుడ్ శామ్, కోచ్-నెట్ లాంటి ఆర్‌వీ ప్లాన్లు దూరంతో పని లేకుండా దగ్గర్లోని సరైన సర్వీస్ సెంటర్ దాకా లాగుతామంటాయి. "సరైన" అన్నది వాళ్ళు నిర్ణయిస్తారు, మనకి కావలసిన డీలర్ దగ్గరికి కాదు. అయినా నా ఓటు ఆ రకం ప్లాన్లకే.

ఏది కొన్నా డబ్బు కట్టేముందు ఫోన్ చేసి ఇలా అడగండి: "నా ట్రక్కు చెడిపోయి ట్రైలర్ బాగుంటే, ట్రైలర్‌ని కూడా లాగుతారా? అదే కాల్‌లోనా, రెండో కాల్‌గా లెక్కేస్తారా?" జవాబు ఈమెయిల్లో పంపమనండి. రోడ్డు పక్కన నిలబడి వాదించేటప్పుడు ఆ ఈమెయిలే మన బలం. కొన్నిట్లో కొన్న రోజు నుంచే సర్వీసు మొదలవదు, ప్రయాణం ముందురోజు దాకా ఆగకండి.

కరీంనగర్_హ్యూస్టన్:

అన్నా, నేను కొన్నాళ్ళు ఒక టోయింగ్ కంపెనీల డిస్పాచ్ (బండ్లు పంపే) డెస్క్ మీద పనిచేసిన. అవతలి దిక్కు ఏమైతదో చెప్త. నువ్వు "ట్రైలర్" అంటే కాల్ సెంటర్‌ల కూసున్నామెకు గడ్డి మిషన్లు తీస్కపోయే చిన్న ట్రైలర్ యాదికొస్తది. గదే రాస్తది. మాకు టికెట్ల "ట్రైలర్, టైరు" అని రెండు ముక్కలొస్తయి. డ్రైవర్ చిన్న బండి, చిన్న జాకీ తీస్కొని పోతడు, అక్కడ నీ 26 అడుగులు చూసి వాపస్ వస్తడు. తప్పు ఆయనది కాదు, నీది కాదు, టికెట్‌ది.

అందుకే మొదటి నిమిషంలనే చెప్పాలె: ట్రావెల్ ట్రైలర్, హిచ్ (ట్రక్కుకు తగిలించే కాడ) నుంచి వెనక బంపర్ దాకా ఇన్ని అడుగులు, జీవీడబ్ల్యూఆర్ (సామానుతోని కలిపి ఉండదగ్గ అత్యధిక బరువు) ఇన్ని పౌండ్లు, బాల్ (హిచ్‌ల ట్రైలర్ కూసునే గుండు) సైజు 2-5/16 అంగుళాలా, 2 అంగుళాలా, ఏడు పిన్నుల ప్లగ్గు. బరువు రాసిన స్టిక్కర్ ట్రైలర్ ఎడమ దిక్కు ముందటి భాగంల బయటనే ఉంటది, ఇవ్వాళనే ఫోటో తీసి పెట్టుకో. ఐ-40 మీద మైల్ మార్కర్ నంబర్, తూర్పుకు పోతున్నవా పడమరకా, ఏ పక్క షోల్డర్, గివి కూడా. "అమరిల్లో దాటినంక" అంటే మేం ఎక్కడని వెతకాలె?

ట్రక్కు ఆగిపోతే: ఫ్లాట్‌బెడ్ (వెనక చదునుగ ఉండే టో బండి) మీద ట్రక్కు ఎక్కించి, వెనక బాల్ పెట్టుకొని ట్రైలర్ కూడా గుంజే డ్రైవర్లున్నరు. అందరి దగ్గర ఆ ఏర్పాటుండదు, అడిగితేనే అసొంటి బండిని పంపుతరు. లేకుంటే రెండు బండ్లు రావాలె. నీ ట్రైలర్‌ను ఒంటిగ ఇడిచిపెట్టి పోకు, ఇంకొకరు వచ్చేదాక ఆగు.

ఇంకొకటి, పోలీసులు పిలిపించిన టో వేరు, నీ ప్లాన్ టో వేరు. రోడ్డుకు అడ్డమైతే వాళ్ళ లిస్టుల ఉన్నోళ్ళు వచ్చి లాగేస్తరు, బిల్లు నీకే. రసీదు తీస్కో, ప్లాన్ వాళ్ళు వాపస్ ఇస్తరేమో అడగొచ్చు.

విజయవాడ_ఫీనిక్స్:

మీ మామగారి ఇన్సులిన్ మాట చదివి రాస్తున్నానండి. మా అమ్మకి కూడా షుగరే. ట్రైలర్‌ని టో చేసి షాపులో పెట్టేస్తే తాళం వేస్తారు, మందులు అందులోనే ఉండిపోతాయి. మందులు, పాస్‌పోర్టులు, ఒక పూట తిండి, నీళ్ళు, పిల్లల స్వెటర్లు ఎప్పుడూ ట్రక్కులోనే పెట్టుకోండి. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాలు 86 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఫ్రిజ్ లేకుండా 28 రోజులు ఆగుతాయి, కానీ ఎండలో నిలిపిన ట్రక్కులో అంతకంటే వేడెక్కుతుంది కాబట్టి చల్లటి సంచీ తప్పదు.

కూర్చోవడం గురించి: టో ట్రక్కులో డ్రైవర్ పక్కన మామూలుగా ఇద్దరికే చోటు. టో చేస్తున్న ట్రైలర్‌లో మనుషుల్ని ఎక్కించుకోరు. ఫోన్లోనే "ఆరుగురం ఉన్నాం, ఇద్దరు పెద్దవాళ్ళు, పిల్లలకి కార్ సీట్లున్నాయి" అని చెప్పండి. ఊబర్ దొరకని చోట మీ వారు టో డ్రైవర్‌తో వెళ్ళి అద్దె కారు తెచ్చేదాకా మిగిలినవాళ్ళు ఎక్కడ ఉంటారో ముందే అనుకోవాలి. ఆగినప్పుడు పెద్దవాళ్ళని గార్డ్‌రెయిల్ అవతల, ట్రైలర్‌కి దూరంగా కూర్చోబెట్టండి. ఎండగా ఉందని ట్రైలర్ నీడలో కూర్చోనివ్వకండి.

టైర్ల పక్కన డాట్ (DOT) అని ఉన్న చోట ఆఖరి నాలుగు అంకెలు చూడండి. 3218 అంటే 2018లో 32వ వారం తయారైందని. ట్రైలర్లు ఎక్కువకాలం ఎండలో కదలకుండా ఉంటాయి, గీతలు అరగకపోయినా రబ్బరు లోపల పాడవుతుంది. ఐదారేళ్ళు దాటితే మార్చేయండి. ఎస్‌టీ (ట్రైలర్ల కోసమే చేసిన) టైర్లపై వేరే స్పీడ్ రేటింగ్ లేకపోతే గంటకి 65 మైళ్ళు దాటకూడదు, 287 మీద లిమిట్ ఎంత ఉన్నా సరే.

నెల్లూరు_ప్లేనో:

అందరికీ ధన్యవాదాలు. (విజయవాడ గారూ, డ్రైవింగ్ నాదే, మా ఆయన పిల్లల్ని చూస్తారు.) ఆ ప్రశ్న పట్టుకుని రెండు చోట్లకి ఫోన్ చేశాను. ఒకరు ట్రక్కు, ట్రైలర్ రెండూ ఒకే కాల్ అని ఈమెయిల్ పంపారు, వాళ్ళ దగ్గరే తీసుకున్నా. టైర్లు నాలుగూ, స్టెప్నీ కూడా మారుస్తున్నాం. సిగ్నల్ లేని చోట నేనే స్టెప్నీ వేసుకోవాల్సి వస్తే జాకీ ఎక్కడ పెట్టాలి?

ఆల్బకర్కీ_గోదావరి:

అమ్మా, బాబూ అని రాసేశాను, ఏమనుకోకండి. ఇరుసు గొట్టం కింద మాత్రం జాకీ పెట్టకండి, వంగుతుంది. ఫ్రేమ్ కింద పెట్టాలి. మీది రెండు చక్రాల వరుస కాబట్టి జాకీ లేకుండానే అవుతుంది: అదే పక్క బాగున్న చక్రాన్ని లెవెలింగ్ బ్లాకుల (ట్రైలర్‌ని సమంగా నిలబెట్టే దిమ్మల) మీదికి మెల్లగా ఎక్కిస్తే పేలిన చక్రం గాల్లోకి లేస్తుంది. ట్రక్కు తగిలించే ఉంచి, అవతలి పక్క చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టండి. ఎక్కించకముందే నట్లు కాస్త వదులు చేసుకోవాలి, గాల్లో ఉన్న చక్రం తిరిగిపోతుంది. ట్రైలర్ నట్లకి ట్రక్కు పానా సరిపోకపోవచ్చు, ఇంటి దగ్గరే పెట్టి చూసుకోండి. ట్రాఫిక్ వైపు టైరు అయితే మాత్రం చెయ్యి పెట్టకండి, మనిషి వచ్చేదాకా ఆగండి. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు కొలతకి) బిగించి, 50 మైళ్ళు పోయాక ఆగి మళ్ళీ చూడండి.