నాలుగు డైవ్‌ల అనుభవంతో రాజా అంపట్ వెళ్లవచ్చా?

ప్రశ్న

నేను గత నెలలో స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేశాను. శిక్షణలో భాగంగా చేసిన నాలుగు డైవ్‌లు తప్ప నాకు సముద్రంలో వేరే అనుభవం లేదు. పది రోజుల సెలవు దొరకడంతో, సముద్రజీవులు అత్యంత సమృద్ధిగా ఉండే చోటికే వెళ్లాలనుకుని ఇండొనేషియాలోని రాజా అంపట్, కొమోడోల గురించీ, మాల్దీవుల గురించీ చదువుతున్నాను. ప్రపంచంలో తెలిసిన గట్టి పగడాల జాతుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు రాజా అంపట్ దీవుల చుట్టూ ఉన్నాయనీ, అక్కడి కేప్ క్రీ వద్ద 2012లో జెరాల్డ్ ఆలెన్ అనే మత్స్యశాస్త్రవేత్త ఒకే డైవ్‌లో 374 చేప జాతులను లెక్కించారనీ తెలిసినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. అయితే ఈ మూడు చోట్లా ప్రవాహాలు బలంగా ఉంటాయని అందరూ హెచ్చరిస్తున్నారు. నాలాంటి వారు వెళ్లడం సబబేనా? వెళ్లేలోగా ఏం నేర్చుకోవాలి? రెక్కలు చాచినట్టుండే పెద్ద చేప మాంటా రేను దగ్గరగా చూడాలన్నది నా చిరకాల కోరిక.

జవాబు 1

మీరు చేపల సమృద్ధినీ ప్రవాహాన్నీ వేరు వేరు విషయాలుగా చూస్తున్నారు. నిజానికి రెండోది లేకపోతే మొదటిది ఉండదు. పసిఫిక్ మహాసముద్రపు నీరు ఇండొనేషియా దీవుల మధ్యనున్న ఇరుకు జలసంధుల గుండా హిందూ మహాసముద్రంలోకి నిరంతరం పారుతూ ఉంటుంది. దానికి ఆటుపోట్లు కూడా తోడైనప్పుడు, అడుగునున్న పోషకాలు పైకి వచ్చి ప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ ఉండే అతిచిన్న జీవులు, పెరుగుతాయి, వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం ట్రెవల్లీలు, సొరచేపలు చేరతాయి. కేప్ క్రీ వద్ద అన్ని జాతులు కనిపించడానికీ, అక్కడ కొత్తవారు ఊపిరి బిగబట్టి రాళ్లను పట్టుకోవడానికీ కారణం ఒక్కటే.

అంతమాత్రాన వెళ్లకూడదని నేను అనను. ఒకే దీవికి ఒకవైపు ప్రవాహం ఉరకలు వేస్తుంటే, మరోవైపు ఉన్న అఖాతంలో నీరు కదలకుండా ఉండవచ్చు. మంచి గైడ్ పోటు, పాటు మారే ఆ కొద్ది సమయాన్ని చూసుకునే మిమ్మల్ని నీటిలోకి దింపుతారు. అమావాస్య, పౌర్ణమి రోజులకు అటూ ఇటూ పోటు బలంగా ఉంటుంది కాబట్టి, చంద్రుడు సగంగా కనిపించే రోజుల చుట్టూ ప్రయాణం పెట్టుకోవడం మేలు. మీ అనుభవం నాలుగు డైవ్‌లేనని ముందే స్పష్టంగా రాసి, దానికి వారు ఏమని బదులిస్తారో చూసి డైవింగ్ కేంద్రాన్ని ఎంచుకోండి. ఏ ప్రశ్నా అడగకుండా ఒప్పుకునేవారి దగ్గరికి వెళ్లకండి.

నేర్చుకోవలసింది మాత్రం ఒక్కటే: నీటిలో మునగకుండా, తేలకుండా ఉన్నచోటనే నిలవడం. చాలామంది కొత్తవారు అవసరానికి మించిన సీసపు బరువులు కట్టుకుని, అవి కిందికి లాగుతుంటే బీసీడీలోకి, అంటే గాలి నింపి తేలేందుకు తొడుక్కునే జాకెట్‌లోకి, గాలి నింపుతూ, అది పైకి లాగుతుంటే తీస్తూ డైవ్ అంతా గడిపేస్తారు. డైవ్ ముగిసేసరికి సిలిండర్ రెండు కిలోలకు పైగా తేలికవుతుంది. కాబట్టి సిలిండర్‌లో గాలి బాగా తగ్గిన తర్వాత కూడా, పైకి వచ్చేముందు 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు నిలకడగా ఆగగలిగేంత బరువు చాలు.

జవాబు 2

పై సమాధానంలోని చివరి పేరాకు నా అనుభవమే సాక్ష్యం. అది నా ఎనిమిదో డైవ్. గైడ్ ఎర్రటి విసనకర్ర పగడం దగ్గర ఆగి, సన్నని లోహపు పుల్లతో ఒక కొమ్మను చూపించారు. ఎంతసేపు చూసినా నాకు ఏమీ కనిపించలేదు. తర్వాత ఆ కొమ్మ మీది బొడిపెల్లో ఒకటి తల తిప్పింది. అది రెండు సెంటీమీటర్లైనా లేని మరుగుజ్జు సముద్రగుర్రం. దాని ఒంటి మీది బొడిపెలు, రంగు ఆ పగడానికి ఎంతగా సరిపోతాయంటే, 1969లో ఈ జాతి మొదటిసారి కంటబడింది కూడా దాని కోసం వెతికినప్పుడు కాదు, మ్యూజియం కోసం సేకరించిన పగడాన్ని పరిశీలిస్తున్నప్పుడే.

నేను కెమెరా తీసి, ఫొటో కదలకూడదని ఊపిరి బిగబట్టాను. దాంతో మెల్లగా పైకి లేచాను, కంగారుపడి కాళ్లు ఆడించాను, వెనుక ఉన్న కొమ్ముల పగడానికి నా ఫిన్ (పాదానికి తొడుక్కునే రబ్బరు తెడ్డు) తగిలింది. అది విరిగిన చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపించింది. గైడ్ నా సిలిండర్ పట్టుకుని వెనక్కి లాగారు. పడవ ఎక్కాక కూడా ఆయన ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ సాయంత్రమంతా తలెత్తబుద్ధి కాలేదు. అసలే వేడెక్కిన నీటివల్ల పగడాలు పాలిపోతున్న కాలమిది. 1998 నాటి మొదటిదానితో కలిపి లెక్కిస్తే, ప్రపంచమంతటా వ్యాపించిన నాలుగో పాలిపోవుడు జరుగుతున్నదని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. అలాంటి పగడాన్ని చేతకానితనంతో విరగ్గొట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

దయచేసి ఈ ప్రయాణంలో మొదటి ఐదారు డైవ్‌లకు కెమెరా తీసుకెళ్లకండి.

జవాబు 3

మాంటా రే మీద కోరికతో వెళ్లేవారికి మాల్దీవులే నా సలహా. బా అటోల్ (వలయాకారపు పగడపు దీవుల సమూహం)లోని హనిఫారు అఖాతంలో, నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే సుమారు జూన్ నుంచి నవంబరు వరకు, ప్లవకాలు దట్టంగా చేరినప్పుడు మాంటాలు గుంపులుగా వచ్చి నోరు తెరుచుకుని చుట్లు తిరుగుతూ మేస్తాయి. యునెస్కో 2011లో ఈ అటోల్‌ను జీవావరణ రిజర్వుగా గుర్తించింది. అయితే ఆ అఖాతంలో స్కూబా డైవింగ్ నిషిద్ధం, స్నార్కెల్ అనే ఊపిరి గొట్టంతో నీటి పైనుంచి చూడవలసిందే. డైవ్‌లోనే చూడాలనుకుంటే, చిన్న చేపలు మాంటాల ఒంటిని శుభ్రం చేసే పగడపు బండలు వేరే చోట్ల ఉన్నాయి. అక్కడ ఒక పక్కగా, కిందుగా, కదలకుండా వేచి ఉండండి. వెంటపడితే అది వెళ్లిపోతుంది, ఆగితే మీ తలమీదుగానే వస్తుంది. పొట్ట మీద ఉండే మచ్చలను గమనించండి. అవి ఒక్కొక్క మాంటాకు ఒక్కో విధంగా ఉంటాయి, పరిశోధకులు వాటిని చూసే ఒకదాని నుంచి మరొకదాన్ని గుర్తుపడతారు.

తిరుగు ప్రయాణంలో చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాజా అంపట్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేసి, ఈసారి మాల్దీవులకు వెళ్లాలని, మొదటి మూడు రోజులు ప్రవాహం లేని లోపలి దిబ్బల మీదే గడపాలని నిర్ణయించుకున్నాను. కెమెరా ఇంట్లోనే ఉంటుంది. ఒక్క సందేహం మిగిలింది: శిక్షణలో ప్రతిసారీ దిగేటప్పుడే నా చెవి నొప్పి పెట్టింది. లోతుకు వెళ్లాక మాత్రం సర్దుకునేది.

జవాబు 1

అది సహజమే. ఉపరితలం నుంచి 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది, మళ్లీ రెట్టింపు కావాలంటే 30 మీటర్లకు చేరాలి. అందుకే చెవికి అసలు శ్రమంతా మొదటి కొద్ది మీటర్లలోనే ఉంటుంది. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, తల నీళ్లలో మునిగిన క్షణం నుంచే ముక్కు మూసి మెల్లగా ఊదుతూ, తాడు పట్టుకుని కాళ్లు కిందికి ఉండేలా దిగండి. చెవి తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి, బలవంతంగా ఊదకండి. జలుబు ఉన్న రోజున మందు వేసుకుని దిగవద్దు. నీళ్లలో ఉండగా మందు ప్రభావం తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు గాలి చెవిలో చిక్కుకుంటుంది.